ఎర్త్ వైరు కోసిన చెయ్యి

సత్యశ్రీ ఎవరింటికి రిపేరుకి వెళ్లినా ముందు పాట పెట్టమనదు, ఆంప్లిఫైయర్ మూత తియ్యదు. తిన్నగా గోడ దగ్గరికెళ్లి, స్విచ్ ఆపి, త్రీపిన్ ప్లగ్గు ఊడబీకి, స్క్రూ విప్పి లోపలికి చూస్తుంది. మూడు వైర్లూ ఉంటే మళ్లీ బిగించేసి, "ఇప్పుడు సెప్పండి, ఏటి సౌండొస్తంది?" అని అడుగుతుంది. ఆకుపచ్చ ఎర్తు వైరు కోసేసి కనిపిస్తే మాత్రం ముందు ఫోన్ తీసి దానికి ఫొటో తీసుకుంటుంది.

గాజువాక, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంటు సెక్టార్లలో పాత స్టీరియోలున్న వాళ్లందరికీ ఆవిడ తెలుసు. పాట ఆగిపోయినా స్పీకర్లోంచి 'మ్‌మ్‌మ్' అని తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒక మోత వస్తుంది చూశారూ, దాన్నే హమ్ అంటారు. ఆ మోత ఎక్కణ్నుంచి పుడుతోందో వెతికి పట్టుకోవడంలో ఊరు మొత్తం మీద ఆవిడంత మనిషి లేదు. అందుకే అందరూ 'హమ్మక్క' అని పిలుస్తారు. పిలిచి నవ్వుకుంటారు. పన్నెండేళ్ల పగ ఆ పేరుని నిలబెట్టిందని వాళ్లెవరికీ తెలియదు.

ఆవిడది ఆనందపురం దగ్గర పల్లె. తండ్రి వంగ, బెండ పండించి జంక్షన్‌లో అమ్మేవాడు. సత్యశ్రీ బస్సులో రోజూ భీమిలి వెళ్లి ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పూర్తి చేసింది. ఇరవై రెండో ఏట డాబాగార్డెన్స్‌లో సాయిశంకర్ అనే ఆయన ఆడియో షాపులో, వెనకున్న సర్వీసు గదిలో పనికి కుదిరింది. సాయిశంకర్ విజయవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తెల్లచొక్కా, తీపి మాట. ఆ గదిలో అప్పటికే వీర్రాజు అనే పెద్ద మెకానిక్ ఉన్నాడు. మన వైపు పిల్ల అని ఆమెకి పని నేర్పాడు. ఆమె 'అన్నా' అనేది.

మూడేళ్లు బాగానే గడిచింది. ఆ తరవాత ఒక వానాకాలంలో గురునాథరావు గారి ఆంప్లిఫైయర్ రిపేరు వచ్చింది.

గురునాథరావు స్టీల్‌ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరై, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. వాళ్లది రాజోలు వైపు. ఆయనకి పాటలంటే ప్రాణం. కొత్తగా టీవీని కూడా ఆంప్లిఫైయర్‌కి కలిపించుకున్నాడు. ఆ రోజు నుంచీ మోత. సత్యశ్రీ వాళ్లింటికి వెళ్లి చూసింది. వాల్యూమ్ తగ్గిస్తే మోత తగ్గింది, పెంచితే పెరిగింది. అంటే అది ఆంప్లిఫైయర్ కడుపులో పుట్టింది కాదు, బయటి నుంచి వస్తోంది. ఒక్కొక్క వైరూ పీకుతూ పోయింది. సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ వైరు పీకగానే గది నిశ్శబ్దమైపోయింది.

"ఇంటికో ఎర్తుంది సార్, వీధిలో కేబులోళ్లది ఇంకో ఎర్తు. రెండూ వచ్చి మీ ఆంప్లిఫైయర్ కాడ కలిసి కొట్టుకుంతన్నాయి. మధ్యలో ఆ రెంటినీ ఇడగొట్టే సిన్న ఐసొలేటర్ పెడితే సరిపోద్ది. ఇక్కడ దొరకదు, తెప్పించాల. వారం పడతాది," అని చెప్పింది.

ఎలాగూ వారం ఆగాలి కదా అని, వాల్యూమ్ గుండీ దుమ్ము పట్టి గరగరమంటుంటే దాన్ని శుభ్రం చెయ్యడానికి ఆంప్లిఫైయర్ని షాపుకి తెచ్చారు. నాలుగో రోజున గురునాథరావు వచ్చి కౌంటర్ దగ్గర కూర్చున్నాడు. వారం ఆగలేనన్నాడు. సాయిశంకర్ సర్వీసు గదిలోకి వచ్చి, ప్లగ్గు విప్పి, కటింగ్ ప్లయర్‌తో ఆకుపచ్చ వైరుని పుటుక్కున కోసి, చివర వెనక్కి మడిచి ఎర్ర టేపు చుట్టాడు.

సత్యశ్రీ అడ్డం వచ్చింది. "సార్, ఎర్తు తీసేత్తే మోత ఆగుద్ది గానీ, రేపు లోపల ఎక్కడైనా లీకయితే బాడీ మొత్తం కరెంటొచ్చేద్ది. మన సముద్రం గాలికి లోపలి ట్రాన్స్‌ఫార్మర్లు ఎలగుంతాయో మీకు తెల్దేటి?"

"ఇరవయ్యేళ్లుగా కోస్తున్నానమ్మా. ఎవరికేం అయింది? కస్టమర్ సంతోషంగా వెళ్లాలి, అంతే. కార్డు మీద సంతకం పెట్టు."

ఇంటికెళ్లి చూసింది ఆమె కనుక, ఏం రిపేరు చేశారో రాసే జాబ్ కార్డు ఆమె పేరు మీదే ఉంది. వీర్రాజు తలెత్తి చూసి, మళ్లీ తన పనిలో పడ్డాడు. ఆమె సంతకం పెట్టింది. పాతికేళ్ల పిల్ల, యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు, పెట్టకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ సంతకానికి తనని తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

మోత పోయింది. నెల్లాళ్ల తరవాత గురునాథరావు భార్య చిలకమ్మ గారు ఇల్లు తుడిచి, తడి నేల మీద నిలబడి, తడిగుడ్డతో ఆంప్లిఫైయర్ మీది దుమ్ము తుడవబోయారు. కరెంటు విసిరికొట్టింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ప్రాణం నిలిచింది, అదే గొప్ప. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం ఆగిపోయింది. ఆ తరవాత ఆవిడ తన జడ తను వేసుకోలేకపోయారు.

గురునాథరావు మర్నాడే షాపుకొచ్చాడు. కౌంటర్ దగ్గర పదిమంది కస్టమర్లున్నారు. సాయిశంకర్ మొహంలో ఎంత బాధ! డ్రాయరు లాగి జాబ్ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "చూడండి సార్, సంతకం ఎవరిదో. ఆడపిల్ల, పైకొస్తుందని ఛాన్సిచ్చాను. ఇలాంటి పని చేస్తుందనుకోలేదు."

సత్యశ్రీ సర్వీసు గది గుమ్మంలో నిలబడిపోయింది. "నాను కాదు సార్! ఆయనే కోసినారు. వద్దని సెప్పినాను కూడాను. ఈర్రాజన్న సూసినాడు, అడగండి. అన్నా, సెప్పు!"

వీర్రాజు సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టలేదు. "నాను సూళ్లేదు," అన్నాడు.

"మా ఆవిణ్ణి చంపేసేదానివి కదే!" అని గురునాథరావు అరిచాడు. "నీ చేతులు పడిపోనూ! చదువుకున్న పిల్లవని ఇంట్లోకి రానిచ్చానే!"

ఆ పదిమందీ ఆమెనే చూశారు. సాయిశంకర్ అప్పటికప్పుడు ఆమెని పొమ్మన్నాడు. సాయంత్రం ఆస్పత్రికి పళ్లు పట్టుకెళ్లాడని తరవాత తెలిసింది.

ఊళ్లో ఇంకే షాపూ ఆమెకి పని ఇవ్వలేదు. ముసలావిడకి షాక్ కొట్టించిన పిల్ల అన్న మాట ఆమె కంటే ముందే ప్రతి షాపుకీ వెళ్లి కూర్చునేది. చివరికి అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో బోర్డులకి సోల్డరింగ్ చేసే లైనులో చేరింది. కంపెనీ బస్సు, నీలం కోటు, తల ఎత్తకుండా షిఫ్టు. పోర్టులో క్రేన్ నడిపే కొండలరావుతో పెళ్లయింది. గాజువాకలో కాపురం. కొండలరావు నెమ్మదస్తుడు. భార్య నిద్రలో పళ్లు కొరకడం విని ఒకసారి అడిగాడు. ఆమె చెప్పింది. అతను విని, "సెలవు రోజుల్లో ఇంట్లోనే రిపేర్లు సెయ్యి. సేతిలో ఉన్న ఇద్యని ఎందుకు పాడుసేసుకుంతావు?" అన్నాడు.

అలా మళ్లీ మొదలైంది. పక్కింటి వాళ్ల టేపు డెక్కుతో మొదలై, వాళ్ల చుట్టాల స్టీరియోలు, ప్లాంటు ఉద్యోగుల పాత సిస్టమ్‌లు. ఆమె వేరే రిపేర్లు పెద్దగా పట్టించుకునేది కాదు. హమ్ అంటే మాత్రం ఎంత దూరమైనా వెళ్లేది. పాత కెపాసిటర్ ఎండిపోతే వచ్చే బొంగురు బుర్రు వేరు. స్పీకరు వైరు కరెంటు వైరుని ఆనుకుంటే వచ్చే సన్నపు మోత వేరు. ట్యూబ్‌లైటు చోకు పక్కనుంటే వచ్చే గీపెట్టే రొద వేరు. కళ్లు మూసుకుని విని ఫలానా అని చెప్పేసేది. తనని అంటే అన్నారు, తన పనిని అనడానికి ఎవరికీ సందు ఉండకూడదని ఆ పట్టుదల.

నాలుగో ఇంట్లోనే మొదటి ఎర్ర టేపు దొరికింది. ప్లగ్గు విప్పితే ఆకుపచ్చ వైరు కోసి, వెనక్కి మడిచి, అదే టేపు, అదే చుట్టు. "ఇది ఎక్కడ సేయించినారు?" అని అడిగింది. డాబాగార్డెన్స్ షాపు పేరే చెప్పారు. తరవాత ఇంకోటి. ఇంకోటి. పన్నెండేళ్లు నిండేసరికి పదిహేడు ఇళ్లు. ప్రతిచోటా ఎర్తు మళ్లీ కలిపింది, మోత ఎక్కడ పుడుతోందో పట్టుకుని అక్కడే ఆపింది, ప్లగ్గుకి ఫొటో తీసుకుంది. "ఆయన పెద్దమనిషి, ఆయనెందుకు కోస్తాడమ్మా?" అన్నవాళ్లే ఎక్కువ. ఒకసారి గురునాథరావు గారింటికి ఫోన్ చేసింది. చిలకమ్మ గారు ఎత్తారు. మొత్తం విని, "నాకెందుకో నువ్వంటే అలా అనిపించలేదమ్మా. ఆయన నమ్మరు," అని పెట్టేశారు.

సత్యశ్రీ ఎదురుచూసింది. "ఆడు కిందున్నప్పుడు తోస్తే ఏటి లాభం?" అని కొండలరావుతో అనేది. "ఎక్కనీ. బాగా పైకెక్కనీ."

సాయిశంకర్ ఎక్కాడు. సిరిపురంలో అద్దాల షోరూమ్ కట్టాడు. విదేశీ ఆంప్లిఫైయర్ల ఏజెన్సీ తెచ్చాడు. ప్రారంభం ఒక ఆదివారం పొద్దున్న పదకొండింటికి. పాత కస్టమర్లందర్నీ కార్డులిచ్చి పిలిచాడు, రికార్డు ప్లేయర్ మీద పాట వినిపిస్తానని.

ఆ ఆదివారం ఎనిమిదింటికి సత్యశ్రీ ఫోన్ మోగింది. పన్నెండేళ్ల తరవాత వీర్రాజు గొంతు.

"సత్యా, నానమ్మా, ఈర్రాజుని. కొత్త సిస్టమ్ ఒకటే మోతెట్టేత్తంది. పొద్దుట్నుంచి సూత్తన్నాను, దొరకట్లేదు. ఆయన నా మీద మండిపోతన్నాడు. హమ్మక్కని పిలు, హమ్మక్కని పిలు అంతన్నారందరూ. అది నువ్వేనని ఆయనకి తెల్దు. నాకు తెలుసు."

"పాత కస్టమర్లు వత్తన్నారా అన్నా?"

"అందరూను."

"గురునాథరావు గారు?"

"వత్తామన్నారు. ఇద్దరూను."

"అయితే వత్తాను. నాకేటీ ఇవ్వక్కర్లేదు. అక్కడ నిన్ను ఒక మాట అడుగుతారు. ఈసారి సూళ్లేదనకు."

వీర్రాజు ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. సంచిలో టెస్టరు, స్క్రూడ్రైవరు పెట్టుకుంది. ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి. షోరూమ్‌కి చేరేసరికి అరవై మంది దాకా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎదుట మెట్టు మీద వెండి రంగు ఆంప్లిఫైయర్, పక్కన రికార్డు ప్లేయర్, మనిషంత స్పీకర్లు. పాట లేదు, ఒకటే మోత. సాయిశంకర్ మైకులో నవ్వుతూ ఏదో సర్దిచెబుతున్నాడు. రెండో వరసలో గురునాథరావు, పక్కన చిలకమ్మ గారు, ఒళ్లో వంకర చెయ్యి.

సాయిశంకర్ ఆమెని చూసి నవ్వు ఆపేశాడు. మైకు కిందికి దించి, "నువ్వా? నిన్నెవరు పిలిచారు?" అన్నాడు.

"నానే సార్," అన్నాడు వీర్రాజు. "హమ్మక్క ఈవిడే."

కుర్చీల్లో ఎవరో "రండక్కా, రండి!" అని చప్పట్లు కొట్టారు. ఆవిడ బాగుచేసిన ఇళ్ల వాళ్లు నలుగురైదుగురు అక్కడ ఉన్నారు. ఇక సాయిశంకర్ వెళ్లిపొమ్మనలేకపోయాడు.

సత్యశ్రీ ఎప్పటిలా గోడ దగ్గరికి వెళ్లకుండా ముందు వాల్యూమ్ తగ్గించింది. మోత తగ్గింది. ఇంకో గుండీ తిప్పి సీడీ వైపు పెట్టింది. మోత లేదు. మళ్లీ రికార్డు ప్లేయర్ వైపు పెట్టింది. వచ్చింది. ప్లేయర్ వెనకాల ఒక్కసారి చూసింది. అక్కణ్నుంచి వచ్చే సన్నటి ఎర్తు తీగ ఆంప్లిఫైయర్ స్క్రూ నుంచి జారి కింద వేలాడుతోంది. అంతే. దాన్ని స్క్రూ కింద పెట్టి బిగిస్తే పాట తేనెలా వస్తుంది. ఇదంతా కనుక్కోవడానికి నిమిషం పట్టలేదు.

ఆమె ఆ తీగ ముట్టుకోలేదు. టెస్టరు తీసి ఆంప్లిఫైయర్ ఇనప ఒంటి మీద ఆనించింది. టెస్టరు లోపలి బుడ్డి దీపం ఎర్రగా వెలిగింది, అంటే పెట్టెకి కరెంటు వస్తోంది. టెస్టరు అలాగే పట్టుకుని ముందు వరస వాళ్లకి చూపించింది.

"మోత సంగతి తరవాత సూద్దాం సార్. ముందు మీరు దీని మీద సెయ్యెయ్యండి."

సాయిశంకర్ కదల్లేదు.

"ఏం? మీరే కదా అన్నారు, ఇరవయ్యేళ్లుగా కోత్తన్నాను, ఎవరికేటయిందని. వెయ్యండి సార్. సెయ్యి తడిసేసుకుని వెయ్యండి. సెప్పులు కూడా ఇప్పెయ్యండి, చిలకమ్మ గారు ఆరోజు వట్టికాళ్లతోనే ఉన్నారు."

నిజానికి కొత్త సెట్టు కాబట్టి ఆరోజు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమని ఉండేవి, అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆయనకి తెలియదు. అన్నేళ్లుగా ఆ వైర్లు కోసిన మనిషికి అవి ఎందుకున్నాయో కూడా సరిగ్గా తెలియదు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. నుదుటి మీద చెమట కారింది.

"ఏసీ గదిలో ఇంత సెమటేటి సార్?" అంది సత్యశ్రీ. గొంతు పెంచలేదు. స్విచ్ ఆపి ప్లగ్గు పీకి, అందరి ఎదుటా విప్పింది. ఆకుపచ్చ వైరు వెనక్కి మడిచి ఉంది. ఎర్ర టేపు. తరవాత ఫోన్ తీసి ముందు వరసలో ఉన్నాయనకి ఇచ్చింది. "పదిహేడు ఫొటోలున్నాయి. అన్నిట్లోనూ ఇదే టేపు. మీరు సూసి పక్కోళ్లకి ఇయ్యండి."

ఫోను చేతులు మారుతోంది. చిలకమ్మ గారు మెల్లగా లేచి నిలబడ్డారు. సత్యశ్రీని కాదు, వీర్రాజుని చూశారు.

"ఏవయ్యా, నువ్వు ఆరోజు కూడా అక్కడే ఉన్నావు కదా. మా ఇంటి వైరు ఎవరు కోశారయ్యా?"

వీర్రాజు చొక్కా గుండీ పట్టుకుని నులిమాడు. సాయిశంకర్ వైపు చూశాడు. సత్యశ్రీ వీర్రాజునే చూస్తోంది.

"ఇయ్యాల పొద్దున్న ఇది కోసింది ఆయనే అమ్మా," అన్నాడు. "ఆరోజు మీది కోసింది కూడా ఆయనే. ఈ పిల్ల వద్దంది. నాను సూసినాను. సూళ్లేదన్నాను."

గురునాథరావు కుర్చీలోనే ఉండిపోయాడు. వెనక వరసల్లో వాళ్లు లేస్తున్నారు. "మా ఇంట్లోది కూడా ఈయనే చేశాడు, పద, ముందు ప్లగ్గు చూద్దాం," అని ఒకాయన భార్యని లేపాడు. సాయిశంకర్ మైకులో "అందరూ కూర్చోండి, ఇది పోటీ షాపులవాళ్ల కుట్ర" అంటుంటే ఎవరో ఆ మాటలు కూడా వీడియో తీశారు.

సత్యశ్రీ ఆకుపచ్చ వైరుని మళ్లీ దాని స్థానంలో బిగించింది. ప్లగ్గు గోడకి పెట్టి స్విచ్ వేసింది. టెస్టరు ఆనిస్తే వెలగలేదు. మోత మాత్రం అలాగే ఉంది.

"మరి ఈ హమ్?" అన్నాడు సాయిశంకర్, ఏడుపు గొంతుతో.

"ప్రమాదం తీసేసినాను సార్. మోత మీది, ఉంచుకోండి," అని సంచి భుజానేసుకుని బయటికొచ్చింది.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక హోటల్లో కూర్చుని రెండు ప్లేట్ల పూరీ తినేసింది. అంత ఆకలి ఆమెకి ఎప్పుడూ వెయ్యలేదు. గాజువాక బస్సులో నిద్రపోయి రెండు స్టాపులు దాటిపోయింది. ఇంటికొచ్చాక కొండలరావు అడిగాడు, "పాపం అనిపించలేదేటి?"

"ఎవరి మీద?" అంది ఆమె. నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఇంకా ఇరవై రెండు ఇళ్లలో ఎర్ర టేపు బయటపడింది. విదేశీ కంపెనీ ఏజెన్సీ వెనక్కి తీసుకుంది. సాయిశంకర్ మునిగిపోలేదు. ఇప్పుడూ అదే అద్దాల షోరూమ్‌లో టీవీలు, ఫ్రిజ్‌లు అమ్ముతున్నాడు. కానీ సర్వీసు గది మూసేశాడు, ఆడియో జోలికి మళ్లీ పోలేదు. మూడు నెలల తరవాత ఒకసారి స్వీట్ల డబ్బాతో సత్యశ్రీ ఇంటికొచ్చాడు. జరిగిందేదో జరిగింది, ఇద్దరం కలిసి ఒక ఫొటో దిగుదాం అన్నాడు. ఆమె అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి ఒక కాగితం ఇచ్చింది. అందులో ముప్ఫై తొమ్మిది చిరునామాలు.

"ఈ ఇళ్లన్నిటికీ ఎల్లి, మీ నోటితో, నానే కోసినానని సెప్పి రండి. అప్పుడు ఫొటో దిగుదాం."

ఆయన డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఉద్యోగం పోయిన వీర్రాజు కూడా వచ్చాడు, నీ దగ్గర పని ఉంటే చేస్తానని. "నిజం సెప్పినావు, నీకు దణ్ణం అన్నా. కానీ పన్నెండేళ్లు ఆలస్యంగా సెప్పినావు. ఈ బల్ల దగ్గర ఇంకో కుర్చీ లేదు," అంది. అతను తల వంచుకుని వెళ్తుంటే చూస్తూ నిలబడింది గానీ వెనక్కి పిలవలేదు. ఈ మాట విన్నవాళ్లలో కొందరు ఆమెది మరీ రాతిగుండె అంటారు. అననివ్వండి.

గురునాథరావు ఫోన్ చేసి, ఆంప్లిఫైయర్ చూడమని కూర్మన్నపాలెం పిలిచాడు. సత్యశ్రీ వెళ్లింది. షాకు కొట్టిన రోజు నుంచీ దాన్ని ఎవరూ వాడలేదట, బీరువా పైన గుడ్డ కప్పి ఉంచారు. లీకవుతున్న ట్రాన్స్‌ఫార్మర్ మార్చింది, ఎర్తు కలిపింది, కేబుల్ దారిలో ఐసొలేటర్ పెట్టింది. వాల్యూమ్ చివరిదాకా తిప్పి వినిపించింది. మోత లేదు. చిలకమ్మ గారు ఎడమచేత్తో ఆమె తల నిమిరి, పెట్టె మీద తన కుడిచెయ్యి తనే వేసి చూసుకుని నవ్వారు.

గురునాథరావు చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. ఆరోజు నోరు జారాను. నీ చేతులు పడిపోనూ అన్నాను. నన్ను క్షమించాలి."

'పర్లేదు సార్' అంటుందని ఆయన ఎదురుచూశాడు. చిలకమ్మ గారు కూడా ఎదురుచూశారు. సత్యశ్రీ స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ తుడిచి సంచిలో పెట్టుకుంది.

"పదిమందిలో అన్నారు సార్," అంది. "అమ్మా, ఎల్లొత్తాను."

చెప్పులేసుకుని మెట్లు దిగింది. వీధి చివర బస్సు వస్తుంటే పరిగెత్తి ఎక్కింది.